బ్లాక్‌చైన్‌ను డేటాబేస్‌లో దాచడం, మన చేత్తో సరిచూడడం



బ్లాక్‌చైన్ అనే మాట వినని వాళ్లు ఇప్పుడు లేరు. పేపర్లో వస్తుంది, ఇంటర్వ్యూలో అడుగుతారు, ఊళ్లో ఎవరో ఒకరు కాయిన్ పేరు చెప్పి డబ్బు కట్టమని కూడా వస్తారు. కాని ఆ బ్లాక్ ఎలా ఉంటుంది, అందులో ఎన్ని బైట్లు ఉంటాయి, అది అసలైనదో కాదో మనమే ఎలా తేల్చుకోవాలి అని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. ఈ హాస్టల్లో చదువుకొని ప్రస్తుతం డేటాబేస్ పనుల్లో ఉన్న మేము ఇద్దరం ఈ వార్షికోత్సవ సంచికకు ఆ విషయమే రాద్దామనుకున్నాం. డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదువుతున్న వాళ్లకు ఇది సూటిగా పనికివస్తుంది. ఇంటర్ వాళ్లు కూడా భయపడనక్కరలేదు. కూడిక, గుణకారం వస్తే చాలు.

స్టాకు రిజిస్టరు, హ్యాష్

మెస్ స్టాకు రిజిస్టరు మీ అందరికీ తెలుసు. ఒక పేజీ నిండగానే ఆ పేజీ చివరి నిల్వను తర్వాతి పేజీ మొదటి వరుసలో దించుతారు. బియ్యం 412 కిలోలని ఇక్కడ ముగిస్తే అక్కడ 412తోనే మొదలు కావాలి. ఎవరైనా నాలుగు నెలల కిందటి పేజీలో అంకె దిద్దితే ఆ పేజీ చివరి నిల్వ మారుతుంది, తర్వాతి పేజీ మొదటి వరుసతో పొంతన కుదరదు. ఆడిట్‌లో దొరికేది అక్కడే.

అయితే ఈ పద్ధతిలో ఒక లొసుగు ఉంది. ఒకచోట 10 కిలోలు తగ్గించి, అదే పేజీలో ఇంకొకచోట 10 కిలోలు పెంచితే చివరి నిల్వ మారదు. దొంగలెక్క దొరకదు. అందుకని నిల్వ ఒక్కటే కాకుండా, పేజీలోని ప్రతి అక్షరాన్నీ, ప్రతి తేదీనీ, ప్రతి అంకెనూ కలిపి ఒక గుర్తు తయారుచేసి, ఆ గుర్తును తర్వాతి పేజీలో దించితే? అప్పుడు ఒక్క కామా మారినా తెలిసిపోతుంది. ఆ గుర్తునే హ్యాష్ అంటారు. పేజీని బ్లాక్ అంటారు. ఒక్కో బ్లాక్‌లో దాని ముందరి బ్లాక్ హ్యాష్ రాసి ఉంటుంది. అలా ఒకదానికొకటి ముడిపడ్డ బ్లాకుల గొలుసే బ్లాక్‌చైన్.

బిట్‌కాయిన్‌లో వాడే హ్యాష్ పేరు షా-256. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దీన్ని 2002లో ప్రమాణంగా ప్రకటించింది. ఒక అక్షరం ఇచ్చినా, ఒక సినిమా ఫైలు ఇచ్చినా దీని జవాబు 256 బిట్లే, అంటే 32 బైట్లే. ఒక్కో బైటు 0 నుంచి 255 లోపు ఒక అంకె. ఇంగ్లీషు చిన్నబడి ఏ, బీ, సీ అనే మూడక్షరాలు ఇస్తే వచ్చే 32 బైట్లలో మొదటి నాలుగు 186, 120, 22, 191. ప్రపంచంలో ఏ కంప్యూటర్ మీద చేసినా ఇవే వస్తాయి. చివరి సీ బదులు డీ పెట్టి చూడండి, మొత్తం 32 బైట్లూ వేరే అంకెలైపోతాయి. జవాబు చూసి అసలు సందేశాన్ని వెనక్కి రాబట్టే అడ్డదారి ఏదీ ఇంతవరకు దొరకలేదు.

హ్యాష్‌కు అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. మన తెలుగు అక్షరాలు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గుర్తుకు 3 బైట్లు తీసుకుంటాయి. "అ" అంటే 224, 176, 133. "అమ్మ" అని రాస్తే అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు, 12 బైట్లు. ఇంకో చిక్కు కూడా ఉంది. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో వత్తు పడకుండా ఆపడానికి కంటికి కనబడని గుర్తు ఒకటి పెడతాం, అది కూడా 3 బైట్లే. ఒకరు ఆ గుర్తు పెట్టి, ఇంకొకరు అదే గుర్తును రెండుసార్లు పెట్టి టైపు చేస్తే తెరమీద రెండు పేర్లూ ఒకేలా కనబడతాయి గాని హ్యాష్‌లు మాత్రం వేరు. తెలుగులో పేర్ల మీద, సర్టిఫికెట్ల మీద హ్యాష్ కట్టే పని మీలో ఎవరికైనా వస్తే ఈ సంగతి ముందు చూసుకోవాలి.

80 బైట్ల హెడర్

బిట్‌కాయిన్ మొదటి బ్లాక్ 2009 జనవరి 3న పుట్టింది. దాని మొత్తం పరిమాణం 285 బైట్లు. ఒక పోస్టుకార్డు మీద రాసే ఉత్తరం అంత కూడా ఉండదు. అందులో తలభాగం, అంటే హెడర్, సరిగ్గా 80 బైట్లు. ఆనాటి నుంచి ఈనాటి వరకు ప్రతి బ్లాక్ హెడరూ 80 బైట్లే. మొదటి 4 బైట్లు వెర్షన్. తర్వాత 32 బైట్లు ముందరి బ్లాక్ హ్యాష్. తర్వాత 32 బైట్లు ఆ బ్లాక్‌లోని లావాదేవీలన్నింటినీ కలిపి కట్టిన హ్యాష్, దీన్ని మెర్కిల్ రూట్ అంటారు. ఆ తర్వాత కాలం 4 బైట్లు, కష్టం ఎంతో చెప్పే అంకె 4 బైట్లు, చివరగా నాన్స్ అనే అంకె 4 బైట్లు. మొదటి బ్లాక్‌కు ముందర ఏమీ లేదు కాబట్టి ముందరి హ్యాష్ స్థానంలో 32 సున్నాలు ఉంటాయి.

ఇప్పుడు కాలం చదువుదాం. ఆ నాలుగు బైట్లు వరుసగా 41, 171, 95, 73. మనం అంకెలు రాసేటప్పుడు పెద్ద స్థానం ఎడమవైపు ఉంటుంది. బిట్‌కాయిన్ బైట్లలో చిన్న స్థానం ముందు వస్తుంది. దీన్ని లిటిల్ ఎండియన్ అంటారు. కాబట్టి మొదటి బైటును 1తో, రెండోదాన్ని 256తో, మూడోదాన్ని 65536తో, నాలుగోదాన్ని 16777216తో గుణించి కూడాలి.

41 + 43776 + 6225920 + 1224736768 = 1231006505.

ఇది 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి గడచిన సెకన్లు. తేదీగా మారిస్తే గ్రీన్విచ్ కాలమానం ప్రకారం 2009 జనవరి 3 సాయంత్రం 6 గంటల 15 నిమిషాల 5 సెకన్లు. మన లెక్కలో అదే రాత్రి 11.45.

అదే నాలుగు బైట్లను మన అలవాటు ప్రకారం పెద్ద స్థానం ముందు అనుకొని చదివితే ఏమవుతుంది? 699096905 వస్తుంది. అది 1992 ఫిబ్రవరి 26. అప్పటికి బిట్‌కాయిన్ ఆలోచన కూడా లేదు. గమనించండి, కంప్యూటర్ ఎక్కడా తప్పు అని చెప్పదు. చూడటానికి శుభ్రమైన తేదీ ఇస్తుంది. బైనరీ డేటాతో పనిచేసేవాళ్లు మొదట అలవరచుకోవలసింది ఈ అనుమానమే.

పోస్ట్‌గ్రెస్ ఎందుకు?

ఈ బైట్లను ఫైళ్లలో కూడా దాచవచ్చు. బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ చేసేది అదే. కాని "ఫలానా తేదీకి, ఫలానా తేదీకి మధ్య వచ్చిన లావాదేవీలు చూపు" అని అడగాలంటే డేటాబేస్ కావాలి. మేము ఇక్కడ పోస్ట్‌గ్రెస్‌ను తీసుకుంటున్నాం. కారణం ఒకటి, అది ఉచితం. ఏ లాబ్‌లోనైనా, పాత లాప్‌టాప్‌లోనైనా పెట్టుకోవచ్చు. రెండో కారణం దాని పుట్టుకలోనే ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో 1986లో ఈ పని మొదలైనప్పుడే, వాడుకునేవాళ్లు తమకు కావలసిన కొత్త డేటా రకాలను, కొత్త ఫంక్షన్లను తామే చేర్చుకునేలా ఉండాలని నిర్ణయించుకున్నారు. స్టోన్‌బ్రేకర్‌కు 2014 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

అలా చేర్చుకునే మూటనే ఎక్స్‌టెన్షన్ అంటారు. 2011లో వచ్చిన 9.1 వెర్షన్ నుంచి "క్రియేట్ ఎక్స్‌టెన్షన్" అనే ఒక్క ఆజ్ఞతో దీన్ని డేటాబేస్‌లోకి తెచ్చుకోవచ్చు. మన ఇంటి మిక్సీకి కొత్త జారు బిగించినట్లే. మోటారు అదే, పని కొత్తది.

బైట్లు దాచడానికి పోస్ట్‌గ్రెస్‌లో బైట్-ఏ అనే రకం ముందునుంచే ఉంది. కాని కొత్తవాళ్లు చాలామంది హ్యాష్‌ను టెక్స్ట్ కాలమ్‌లో పెట్టేస్తారు. ఎందుకంటే వెబ్‌సైట్లలో హ్యాష్ కనబడేది 64 అక్షరాల మాటలాగా. ఒక్కో బైటును 16 గుర్తుల పద్ధతిలో, అంటే 0 నుంచి 9 వరకు అంకెలు, ఆ తర్వాత ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు వాడి, రెండేసి గుర్తులుగా రాస్తారు. ఇది హెక్స్ రాత. కంటికి చూపడానికి బాగుంటుంది, దాచడానికి దండగ. 32 బైట్లు 64 అవుతాయి. బిట్‌కాయిన్ లావాదేవీల సంఖ్య 2024లో వంద కోట్లు దాటింది. వంద కోట్ల హ్యాష్‌లు బైట్-ఏలో 32 జీబీ అయితే టెక్స్ట్‌లో 64 జీబీ. వాటిమీద ఇండెక్స్ కడితే ఆ తేడా ఇంకోసారి. ఇంకా ఒక ఇబ్బంది. హెక్స్‌లో పెద్దబడి ఎ, చిన్నబడి ఎ రెండూ ఒకే విలువ. టెక్స్ట్ కాలమ్‌కు మాత్రం అవి వేర్వేరు. ఒకరు పెద్దబడిలో, ఇంకొకరు చిన్నబడిలో ఎక్కిస్తే ఒకే లావాదేవీ రెండుసార్లు కూర్చుంటుంది, యూనిక్ అని పెట్టినా ఆగదు. బైట్-ఏలో ఈ గొడవ రాదు.

డబ్బు అంకెల విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. ఒక బిట్‌కాయిన్ అంటే 10 కోట్ల సతోషీలు. మొత్తం బిట్‌కాయిన్లు 2 కోట్ల 10 లక్షలకు మించవు కాబట్టి ఎంత పెద్ద మొత్తమైనా పోస్ట్‌గ్రెస్ బిగ్ఇంట్‌లో సుఖంగా పడుతుంది. ఇథీరియంలో అలా కాదు. ఒక ఈథర్ అంటే 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని వీలు. బిగ్ఇంట్ పట్టేది 9223372036854775807 వరకే. అంటే 9.22 ఈథర్లు దాటితే పొంగిపోతుంది. అక్కడ న్యూమరిక్ రకం వాడాలి. 256 బిట్ల సంఖ్య రాయడానికి 78 అంకెల చోటు కావాలి, న్యూమరిక్ దానికి సరిపోతుంది.

పీజీక్రిప్టో చేసేది, చేయనిది

పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే పీజీక్రిప్టో అనే ఎక్స్‌టెన్షన్‌లో డైజెస్ట్ అనే ఫంక్షన్ ఉంది. బైట్లు ఇచ్చి, హ్యాష్ పేరు చెబితే జవాబు బైట్-ఏగా ఇస్తుంది. 2018లో వచ్చిన వెర్షన్ 11 నుంచి షా256 అనే ఫంక్షన్ ఎక్స్‌టెన్షన్ లేకుండానే దొరుకుతోంది.

బిట్‌కాయిన్ బ్లాక్ హ్యాష్ కట్టడానికి 80 బైట్ల హెడర్‌కు షా-256 కట్టి, వచ్చిన 32 బైట్లకు మళ్లీ షా-256 కట్టాలి. షా256(షా256(హెడర్)) అంతే. మొదటి బ్లాక్‌కు ఇలా కడితే చివరి ఎనిమిది బైట్లు 104, 214, 25, ఆ తర్వాత అయిదు సున్నాలు వస్తాయి. వెబ్‌సైట్లలో మాత్రం సున్నాలు ముందు కనబడతాయి. ఎందుకంటే చూపేటప్పుడు బైట్లను తిరగేస్తారు. 2025 సెప్టెంబరులో వచ్చిన వెర్షన్ 18లో బైట్-ఏను తిరగేసే రివర్స్ ఫంక్షన్ చేరింది. అంతకుముందు ఈ చిన్న పనికి ఎవరి ఫంక్షన్ వాళ్లు రాసుకోవలసి వచ్చేది. తిరగేసేటప్పుడు బైట్లను తిరగేయాలి, హెక్స్ అక్షరాలను కాదు. 19 అనే బైటు 91 అయిపోతే అంతా పోయినట్లే.

ఇక పీజీక్రిప్టో చేయలేని పనులు. ఇథీరియం వాడే హ్యాష్ కెచ్చాక్-256. ఇదీ నిస్ట్ ప్రమాణమైన షా3-256 ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఒకటి కాదు. నిస్ట్ పోటీ పెట్టి, 2012లో కెచ్చాక్‌ను ఎంపిక చేసింది. 2015 ఆగస్టు 5న తుది ప్రమాణం ప్రకటించేటప్పుడు సందేశం చివర చేర్చే బైటును మార్చింది. పాతదాంట్లో అది 1, ప్రమాణంలో 6. ఇథీరియం అంతకు ఆరు రోజుల ముందే, 2015 జూలై 30న, పాత పద్ధతితో మొదలైపోయింది. ఒక్క బైటే తేడా. కాని హ్యాష్ అన్నాక ఒక్క బైటు చాలు, జవాబుకు జవాబుకు సంబంధం ఉండదు. పీజీక్రిప్టోను షా3-256 అడిగితే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ద్వారా ప్రమాణం ప్రకారమే ఇస్తుంది, ఇథీరియంకు పనికిరాదు. దానికి వేరే ఎక్స్‌టెన్షన్ కావలసిందే.

సంతకాల సంగతీ అంతే. ఈ నాణేలను ఖర్చు పెట్టే హక్కు నాకుంది అని చూపడానికి బిట్‌కాయిన్, ఇథీరియం రెండూ సెక్‌పి256కె1 అనే వక్రరేఖ మీద కట్టిన డిజిటల్ సంతకాన్ని వాడతాయి. దాన్ని సరిచూసే ఫంక్షన్ పీజీక్రిప్టోలో లేదు. లావాదేవీలోని బైట్లను విడదీసి, డబ్బు ఎక్కడనుంచి వచ్చింది, ఎక్కడికి వెళ్లింది అని వరుసలుగా చూపే పని కూడా లేదు. ఈ లోటు తీర్చడానికే కొందరు ప్రత్యేకంగా ఎక్స్‌టెన్షన్లు రాశారు. బిట్‌కాయిన్ కోసం సి భాషలో రాసిన పీజీ-బీఎల్‌కే-చైన్ అలాంటిది. లావాదేవీని ముడి బైట్లుగానే టేబుల్‌లో ఉంచి, అడిగినప్పుడు దాని ఇన్‌పుట్లను, అవుట్‌పుట్లను వరుసలుగా విప్పి చూపించడం, సంతకం సరిచూడడం దాని పని.

ముడి బైట్లుగానే ఉంచడం అన్నది మాకు బాగా నచ్చిన మాట. విడదీసి పది కాలమ్‌లలో పెట్టి, అసలు బైట్లు పారేస్తే రేపు హ్యాష్ కట్టి సరిచూసుకునే దారి మూసుకుపోతుంది. విడదీసిన ముక్కల్ని మళ్లీ అతికిస్తే అవే బైట్లు వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒరిజినల్ మార్కుల మెమో పారేసి, దానిలోని మార్కులు నోటుబుక్కులో రాసుకున్నట్లుంటుంది.

ఎక్స్‌టెన్షన్ పెట్టేముందు ఒక హెచ్చరిక. సి భాషలో రాసిన ఎక్స్‌టెన్షన్ డేటాబేస్ సర్వర్ లోపలే నడుస్తుంది. అందులో లోపం ఉండి కూలిపోతే అది ఒక్కటే కూలదు, ఆ సర్వర్‌కు కలిసి ఉన్న అందరి కనెక్షన్లూ తెగుతాయి. ఎవరు రాశారు, ఎంతమంది వాడుతున్నారు చూసుకొని పెట్టుకోవాలి. రస్ట్ భాషలో రాసుకునేందుకు పీజీఆర్ఎక్స్ అనే సాధనం ఉంది, మెమరీ పొరపాట్లు దానితో బాగా తగ్గుతాయి.

గొలుసు సరిచూసే క్వెరీ

ఇప్పుడు అసలు పనికి వద్దాం. బ్లాకులు అనే టేబుల్‌లో మూడే కాలమ్‌లు పెడదాం. ఎత్తు, అంటే బ్లాక్ వరుస సంఖ్య. హెడర్, బైట్-ఏ రకం. హ్యాష్, అది కూడా బైట్-ఏ. హెడర్ పొడవు 80 బైట్లే ఉండాలని ఆక్టెట్ లెంగ్త్ ఫంక్షన్‌తో ఒక చెక్ నిబంధన పెట్టండి. హ్యాష్ కాలమ్‌ను మనం నింపనక్కరలేదు. 2019లో వచ్చిన వెర్షన్ 12 నుంచి జనరేటెడ్ కాలమ్‌లు ఉన్నాయి. షా256(షా256(హెడర్)) అని సూత్రం ఇచ్చి వదిలేస్తే డేటాబేసే కట్టి దాచుకుంటుంది. ఎవరో తెచ్చి ఇచ్చిన హ్యాష్‌ను నమ్మి ఎక్కించే అవకాశమే ఉండదు.

తర్వాత లాగ్ అనే విండో ఫంక్షన్. ఎత్తు క్రమంలో వరుసలు పేర్చి, ప్రతి వరుసకూ దాని ముందు వరుసలోని హ్యాష్‌ను అది తెచ్చి పక్కన పెడుతుంది. హెడర్‌లో 5వ బైటు నుంచి 32 బైట్లు సబ్‌స్ట్రింగ్‌తో తీసి, ఆ హ్యాష్‌తో పోల్చాలి. రెండూ వేరుగా ఉన్న వరుసల్ని మాత్రమే చూపమనాలి. మొదటి బ్లాక్‌ను వదిలేయాలి, దానికి ముందరిది లేదు. జవాబుగా ఒక్క వరుస కూడా రాకపోతే గొలుసు ఎక్కడా తెగలేదన్నమాట. ఒక చిన్న చిక్కు గుర్తుపెట్టుకోండి. సబ్‌స్ట్రింగ్ బైట్లను 1 నుంచి లెక్కపెడుతుంది, గెట్‌బైట్ ఫంక్షన్ 0 నుంచి లెక్కపెడుతుంది. ఇందాకటి కాలం బైట్లు గెట్‌బైట్‌కు 68 నుంచి 71, సబ్‌స్ట్రింగ్‌కు 69 నుంచి 72. అలాగే గెట్‌బైట్ ఇచ్చేది మామూలు ఇంటిజర్. నాలుగో బైటు 127 దాటిన చోట 16777216తో గుణిస్తే ఇంటిజర్ హద్దు దాటిందని ఎర్రర్ వస్తుంది. ముందే బిగ్ఇంట్‌గా మార్చుకోండి.

దీనికి పెద్ద కంప్యూటర్ కావాలా? మొత్తం బిట్‌కాయిన్ డేటా 600 జీబీ పైనే ఉంది, అది మన వల్ల కాదు. హెడర్లు మాత్రం వేరు. 2025 జూన్‌లో బ్లాకుల సంఖ్య 9 లక్షలకు చేరింది. 9 లక్షల హెడర్లు, ఒక్కోటి 80 బైట్లు, మొత్తం 7 కోట్ల 20 లక్షల బైట్లు, అంటే 72 ఎంబీ. టేబుల్ కట్టుబడి ఖర్చు, హ్యాష్ కాలమ్, ఇండెక్సు కలుపుకున్నా మామూలు పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. సతోషీ నకమోటో పేరుతో 2008లో వచ్చిన మూలపత్రంలోనే ఈ లెక్క ఉంది. పది నిమిషాలకు ఒక బ్లాక్ చొప్పున హెడర్లు ఏడాదికి 4.2 ఎంబీ అవుతాయని అందులో చెప్పారు. అంటే 2009 నుంచి ఇప్పటిదాకా ఉన్న గొలుసు లంకెలన్నీ హాస్టల్ కంప్యూటర్ మీద, ఎవరినీ అడగకుండా, ఏ కంపెనీకీ డబ్బు కట్టకుండా సరిచూడవచ్చు. ఈ మాట రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టామని చెప్పినా తప్పులేదు.

కాయిన్ పేరుతో ఊళ్లోకి వచ్చేవాళ్ల సంగతి ముందు చెప్పాం. మీ ఇంట్లో వాళ్లను ఎవరైనా అలా అడిగితే, మీ గొలుసు ఏది, హెడర్లు ఎక్కడ దింపుకోవచ్చు, హ్యాష్ ఏ పద్ధతి అని మర్యాదగా అడగండి. యాప్‌లో అంకె పెరుగుతోంది చూడండి అని మాత్రమే చూపిస్తే అక్కడ బ్లాక్‌చైన్ లేదు, ఎవరి దగ్గరో ఒక టేబుల్ ఉంది, దాన్ని వాళ్లే దిద్దుకుంటున్నారు. హెడర్లు చూపించినంత మాత్రాన డబ్బు కట్టమని కాదు, గొలుసు సరిగా ఉండడం వేరు, ఆ నాణేనికి విలువ ఉండడం వేరు.

మన రిజిస్టరుకు కట్టి చూస్తే

సాధన కోసం మెస్ స్టాకుకే ఇలాంటి గొలుసు కట్టవచ్చు. తేదీ, సరుకు, పరిమాణం, ముందరి వరుస హ్యాష్, ఈ వరుస హ్యాష్ అని అయిదు కాలమ్‌లు. మాటల్ని బైట్లుగా మార్చడానికి కన్వర్ట్-టు ఫంక్షన్ వాడి యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పాలి. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. కాలమ్‌లను ఊరికే అతికించి హ్యాష్ కడతారు. 1, 23 అతికించినా 123, 12, 3 అతికించినా 123. వేర్వేరు లెక్కలకు ఒకే హ్యాష్ వచ్చేస్తుంది. మధ్యలో గీత ఏదైనా పెట్టాలి, లేదా ప్రతి కాలమ్‌కూ ఇన్ని బైట్లని ముందే నిర్ణయించాలి. బిట్‌కాయిన్ హెడర్‌లో ప్రతి భాగానికీ కొలత ఖాయం కాబట్టి అక్కడ ఆ బెడద లేదు. తేదీని కూడా ఒకే రూపంలో రాయించండి. ఒక మెషీన్‌లో నెల ముందు, ఇంకో మెషీన్‌లో రోజు ముందు వచ్చేలా సెట్టింగు ఉంటే అదే తేదీకి రెండు హ్యాష్‌లు వస్తాయి.

ఇంత కట్టినా రెండు పనులు దీనివల్ల కావు. 50 కిలోలు వచ్చిన చోట మొదటే 40 అని రాస్తే హ్యాష్ ఆ అబద్ధాన్ని భద్రంగా కాపాడుతుంది, అంతే. తూకం దగ్గర మనిషి ఉండాల్సిందే. రెండోది ఇంకా ముఖ్యం. డేటాబేస్ మొత్తం ఒక్కరి చేతిలో ఉంటే, వాళ్లు పాత వరుస దిద్ది, అక్కడనుంచి చివరిదాకా హ్యాష్‌లన్నీ మళ్లీ కట్టేయగలరు. పది వేల వరుసలైనా సెకన్ల పని. అప్పుడు మన క్వెరీ కూడా అంతా బాగుందనే చెబుతుంది. దీనికి మందు ఒక్కటే. ప్రతి శనివారం చివరి వరుస హ్యాష్‌ను నోటీసు బోర్డు మీద రాయాలి, పది మంది పిల్లలు నోటుబుక్కుల్లో ఎక్కించుకోవాలి. ఆ తర్వాత దిద్దితే ఆ పది నోటుబుక్కులతో సరిపోదు. బిట్‌కాయిన్‌లో వేల కంప్యూటర్ల దగ్గర ఆ గొలుసు ప్రతులు ఉండడం, ప్రతి బ్లాక్ హ్యాష్ ముందు సున్నాలు వచ్చేదాకా నాన్స్ మార్చి మార్చి కష్టపడవలసి రావడం, రెండూ ఈ మళ్లీ కట్టే పనిని అసాధ్యమంత కష్టం చేయడానికే. ఆ నోటుబుక్కులు లేకుండా సొంత సర్వర్‌లో మాత్రం బ్లాక్‌చైన్ పెట్టామనే వాళ్లు మామూలు డేటాబేస్‌కు ఖరీదైన పేరు పెట్టారని మా అభిప్రాయం.

రహస్య తాళాల గురించి కూడా ఒక మాట. పీజీక్రిప్టోలో డేటాను తాళం వేసి దాచే ఫంక్షన్లు ఉన్నాయి గాని, ఆ తాళం క్వెరీలోనే పంపాలి. సర్వర్ లాగ్‌లో అది అచ్చుపడే ప్రమాదం ఉంది. ఎస్ఎస్ఎల్ లేకపోతే దారిలోనూ కనబడుతుంది. కాబట్టి నాణేల ప్రైవేట్ కీని ఏ క్వెరీలోనూ, ఏ టేబుల్‌లోనూ పెట్టకండి. సంతకం సరిచూడడానికి పబ్లిక్ కీ చాలు. పాస్‌వర్డులకు కూడా ఒట్టి షా-256 వాడకండి, అది మరీ వేగం, కోట్లకొద్దీ ఊహించి చూసేస్తారు. అందుకు పీజీక్రిప్టోలోనే క్రిప్ట్, జెన్-సాల్ట్ అని రెండు ఫంక్షన్లు ఉన్నాయి, కావాలని నెమ్మదిగా పనిచేసేలా రాసినవి.

మీకు ఒక లెక్క

మొదటి బ్లాక్ హెడర్‌లో చివరి నాలుగు బైట్లు, అంటే నాన్స్, వరుసగా 29, 172, 43, 124. చిన్న స్థానం ముందు అని గుర్తుపెట్టుకొని కాగితం మీద కట్టండి. 2083236893 రావాలి. వచ్చినవాళ్లు అదే పనిని గెట్‌బైట్‌తో పోస్ట్‌గ్రెస్‌లో చేయండి. తర్వాత రెండో బ్లాక్ హెడర్ దింపుకొని, దాని 5వ బైటు నుంచి 32 బైట్లు తీసి చూడండి. చివర్లో 104, 214, 25, అయిదు సున్నాలు కనబడతాయి.